రెండు తెప్పలూ ఒకేలా ఉన్నాయి, అప్పులే ఒకేలా లేవు

ప్రశ్న: మాది ఒడిశాలో గంజాం జిల్లా, గోపాలపూర్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు. వయసు 34. ఎనిమిదేళ్లు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేసి 1,80,000 దాచాను. ఇక వలస మానేసి సొంత తెప్ప కొనుక్కుందామని ఉంది. రెండు చూశాను. రెండూ 28 అడుగుల ఫైబర్ తెప్పలే, రెండిటికీ 9.9 హార్స్ పవర్ పెట్రోల్ మోటారే. మొదటిది నాలుగేళ్లది, ఫోర్ స్ట్రోక్ మోటారు, కాగితాలు ఓనరు పేరునే ఉన్నాయి, 2,60,000 చెబుతున్నాడు. రెండోది మూడేళ్లది, టూ స్ట్రోక్ మోటారు, 2,20,000. చేతులు మారింది కానీ కాగితాలు ఇంకా మొదటి ఓనరు పేరు మీదే. ఇది కొంటే మా ఊరి చేపల వ్యాపారి వడ్డీ లేకుండా లక్ష ఇస్తానంటున్నాడు. చేప ఆయనకే వేయాలి, కిలోకి పది రూపాయలు తగ్గించుకుంటాడు. రెండిట్లోనూ ఒక్కో రోజు వేటకి వెళ్లి చూశాను. మొదటిది 9 లీటర్లు తాగింది, రెండోది 13. నలుగురం వెళ్తాం. ఏడాదికి ఓ 150 వేటలు, వేటకి సగటున 30 కిలోలు. ఖర్చులు పోను సగం తెప్పకి, సగం నలుగురికీ సమానంగా. ఏది కొనమంటారు అన్నా?

జవాబు: తమ్ముడూ, రెండిట్లోనూ వేటకి వెళ్లి పెట్రోలు కొలిచి మరీ రాశారు. చాలామంది రంగు చూసి, ధర చూసి అడుగుతారు. మీరు రాసిన లెక్కతోనే మీకు జవాబు చెప్పొచ్చు.

ముందు ఆ వడ్డీ లేని లక్ష సంగతి చూద్దాం, నాకు భయం దాని గురించే. వేటకి 30 కిలోలు, 150 వేటలు అంటే ఏడాదికి 4,500 కిలోలు. కిలోకి పది చొప్పున 45,000. లక్ష రూపాయలకి ఏడాదికి 45,000 పోతుంటే దాన్ని వడ్డీ లేని అప్పు అని ఎలా అంటాం? పైగా ఆ 45,000 అసలులోకి జమ కాదు. మూడేళ్లు గడిచాక కూడా లక్షకి లక్షా అలాగే నిలబడి ఉంటుంది. ఆ లక్ష తీర్చేదాకా మీ చేప ఎవరికి వేయాలో, ఎంతకి వేయాలో చెప్పేది ఆయనే.

ఇంకోటి గమనించండి. సగం తెప్పకి, మిగతా సగంలో నాలుగో వంతు కూడా మీకే, అంటే ఎనిమిది పాళ్లలో అయిదు మీవి. ఆ 45,000లో మీ చేతి నుంచి పోయేది 28,000 పైన. మిగతా 17,000 దాకా మీతో వచ్చే ముగ్గురిది. వాళ్లు అప్పు చేయలేదు, తెప్ప వాళ్లది కాదు, అయినా మీ అప్పుకి వాళ్ల వాటా తెగుతోంది. పక్క తెప్పవాడు కవ్వళ్ల చేప ఎంతకి వేశాడో ఒడ్డున అందరికీ తెలుస్తుంది. ఒక సీజను ఓపిక పడతారు, రెండో సీజనుకి మంచి కలాసీ (తెప్ప మీద పనిచేసేవాడు) వేరే తెప్ప ఎక్కేస్తాడు.

ఆ వ్యాపారి చెడ్డవాడని నేను అనడం లేదు. కష్టంలో అర్ధరాత్రి తలుపు తడితే డబ్బిచ్చేది ఆయనే, బ్యాంకు కాదు. అందుకే మనవాళ్లు తరతరాలుగా ఆ గుమ్మం దాటలేకపోతున్నారు. సొంత తెప్ప కొంటున్న రోజునే మళ్లీ ఆ గుమ్మం ఎక్కొద్దనే నా బాధ.

ఇక పెట్రోలు. వేటకి 4 లీటర్లు తేడా. లీటరు వంద అనుకుంటే 400. టూ స్ట్రోక్‌కి పెట్రోల్లో ఆయిల్ కలపాలి కాబట్టి ఇంకో 80 వేసుకోండి. మొత్తం 480, ఏడాదికి 72,000. అయిదు పాళ్ల లెక్కన మీ జేబుకి 45,000. ధరలో తేడా 40,000 మాత్రమే కదా, మొదటి ఏడాదిలోనే అది వచ్చేసినట్టు. ఫోర్ స్ట్రోక్‌కి ఆయిల్ మార్చాలి, సర్వీసుకి ఎక్కువ అడుగుతారు, బరువు ఎక్కువ కాబట్టి ఒడ్డుకి లాగేటప్పుడు ఇంకో చెయ్యి కావాలి. టూ స్ట్రోక్‌ని మీ ఒడ్డున ఏ మెకానిక్కయినా ఇసకలో కూర్చుని విప్పేస్తాడు, ఆ సుఖం నిజమే. సర్వీసుకని ఏడాదికి 15,000 పక్కన పెట్టినా మొదటి తెప్పే 30,000 మిగులుస్తుంది.

కాగితాల దగ్గర మాత్రం బేరానికి చోటు లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా పెదనాన్న తెప్ప పోయింది. పొద్దున్నే వెళ్లి చూస్తే సరుగుడు తోటలో బోర్లా పడి ఉంది, నడుం విరిగి. పక్కన రాసిన నంబరు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ నంబరు ఎవరి పేరున ఉందని చూస్తే పాత ఓనరు పేరు. నష్టపోయినవాళ్ల జాబితా రాసుకునేటప్పుడు మా పెదనాన్న ఆ నంబరు కిందే నిలబడి ఉన్నాడు, జాబితాలో మాత్రం ఆయన పేరు లేదు. తిరిగి తిరిగి వదిలేశాడు. అయిదేళ్లకి, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన ఒడ్డున తుపాను ఎప్పుడో వచ్చే వింత కాదు, ఖర్చుల్లో ఒకటిగా రాసుకోవాల్సిన పద్దు. పేరు మారని తెప్పకి బీమా చేయించడం కష్టం, సాయం రావడం కష్టం, రేపు అమ్మాలన్నా కష్టమే. ఆ రెండో తెప్ప 40,000 తక్కువకి వస్తోందంటే ఆ కష్టాలన్నీ మీకు అప్పజెబుతున్నారన్నమాట.

అందుకని మొదటిదే కొనండి. డబ్బు ఎలా సర్దాలో చెబుతాను. మీ 1,80,000లో 40,000 ముట్టుకోకండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటారు తెప్ప కొనేవాడు ఆ రెండు నెలలు రాబడి సున్నా అనుకునే లెక్క వేసుకోవాలి. బియ్యం, పిల్లల ఖర్చు, రెండు నెలల కిస్తీ ఆ 40,000లోంచే. మిగిలిన 1,40,000 తెప్పకి పెట్టి, 1,20,000 అప్పు చేయండి. మీ ఆవిడ పొదుపు సంఘంలో ఉంటే ముందు అక్కడే అడగండి. 12 శాతం వడ్డీకి మూడేళ్లు అనుకున్నా నెలకి 3,990 దాకా కిస్తీ పడుతుంది, మూడేళ్లకి కలిపి వడ్డీ 23,500. వ్యాపారి లక్షకయితే అదే మూడేళ్లలో మీ ఒక్కరి వాటా నుంచే 84,000 పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఈ కిస్తీల అప్పు 37వ నెలలో ఉండదు.

వేటకి వెళ్లే ముందు పెట్రోలు, ఐసు, వల బాగు చేయించడం, వీటికి చేతిలో డబ్బు లేకే మళ్లీ వ్యాపారి దగ్గరికి పోతారు. దానికి కిసాన్ క్రెడిట్ కార్డు పెట్టించండి. 2018-19 నుంచి అది మత్స్యకారులకి కూడా ఇస్తున్నారు. వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. ఆ డబ్బుతో తెప్ప మాత్రం కొనకండి, అది తిరుగుడు ఖర్చుకి ఇచ్చేది. ఇక సబ్సిడీ సంగతి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలుగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఆడవాళ్ల పేరున అయితే 60 శాతం సాయం. పాత తెప్ప ముందు కొనేయండి, సబ్సిడీ తర్వాత నేను తెప్పిస్తాను అని ఎవడైనా అంటే నమ్మి అప్పు చేయొద్దు. అదే పథకం కింద ప్రమాద బీమా ఉంది, మత్స్యకారుడు చనిపోతే 5 లక్షలు. ప్రీమియం పూర్తిగా ప్రభుత్వమే కడుతుంది. మీ పేరు, మీతో వచ్చే ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

మీ 150 వేటల లెక్క ఒకసారి మళ్లీ సరిచూసుకోండి. చలికాలంలో ఋషికుల్య మొగ (ఆ నది సముద్రంలో కలిసే చోటు) వైపు వెళ్లే అలవాటుంటే అది మానుకోవాల్సిందే. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఒక్కసారి తెప్ప పట్టుబడితే ఆ ఏడాది లెక్కంతా తలకిందులవుతుంది. మీ వేటలు 110కి తగ్గినా పెట్రోల్లో మీ మిగులు 33,000 ఉంటుంది. కిస్తీ ఏడాదికి 48,000 కట్టగలరా లేదా అన్నది మాత్రం 110 వేటల మీదే చూసుకోండి, 150 మీద కాదు.

బయానా ఇచ్చే ముందు తెప్పని ఒక పూట తీరిగ్గా చూడండి. మీ దగ్గర రేవు లేదు, ఇసక మీద ఈడ్చడమే కాబట్టి తెప్పని పక్కకి వాల్చి అడుగు చూడాలి. పై పూత అరిగి తెల్లటి గాజు పోగులు కనిపిస్తే నీళ్లు లోపలికి పట్టినట్టే. మోటారు బిగించే వెనక పలక ఇంకా ముఖ్యం. మోటారు కాలు పట్టుకుని గట్టిగా పైకీ కిందికీ ఊపండి. పలక కదిలినా, బోల్టుల చుట్టూ గోధుమరంగు మరక ఉన్నా, వేలి కణుపుతో కొడితే బోలుగా మోగినా లోపలి చెక్క కుళ్లింది, ధరలో ఆ బాగు ఖర్చు తగ్గించాలి. మోటారుకి కింద బిగించిన జింకు ముక్క చూడండి. ఉప్పునీరు అల్యూమినియం బాడీని తినకుండా ముందు దాన్ని తింటుంది. సగం అరిగి ఉంటే అది తన పని చేస్తున్నట్టు. అసలు లేకపోతే, దాని మీద రంగు పూసేస్తే, బాడీ ఎంత తినేసిందో మీ మెకానిక్‌కి చూపించండి. మోటారు చల్లగా ఉన్నప్పుడే, తెల్లవారుజామున, మీ చేత్తో తాడు లాగి స్టార్ట్ చేయండి. మీరొచ్చేసరికే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు రండి.

అమ్మకం కాగితం ఒడియాలో ఉంటుంది. మాట్లాడటం వచ్చినా మనవాళ్లలో చాలామందికి చదవడం రాదు. ఒడియా బడిలో చదివే పిల్లాడుంటే వాడి చేత ప్రతి లైనూ పైకి చదివించుకుని అప్పుడు సంతకం పెట్టండి. మోటారు సీరియల్ నంబరు ఆ కాగితంలో రాయించండి. 2,60,000లో 2,30,000 ఆ రోజు ఇవ్వండి. మిగతా 30,000 పేరు మార్పు రసీదు మీ పేరున చేతికి వచ్చిన రోజున ఇస్తానని అందులోనే రాయించండి. ఓనరు దీనికి ఒప్పుకోకపోతే ఈ తెప్ప కూడా వదిలేయండి.