గుండె మందులు వాడుతుంటే ఇన్‌హేలర్ ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 57. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. మూడు నెలల కింద స్టెంట్ వేశారు. మెటోప్రొలాల్, రామిప్రిల్, ఆస్పిరిన్, టికాగ్రెలార్ వాడుతున్నా. ఇన్‌హేలర్ తీసుకుంటే గుండెదడ, చేతులు వణుకుతున్నాయి. రెండింటికీ పడదని ఎవరో అంటే ఇన్‌హేలర్లు రెండూ మానేశా. ఇప్పుడు రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం. మెటోప్రొలాల్ కూడా ఆపేయనా?

జవాబు: వద్దండి, అస్సలు ఆపొద్దు. మెటోప్రొలాల్ ఉన్నట్టుండి మానేస్తే ఛాతీనొప్పి తిరగబెట్టొచ్చు, హార్ట్ ఎటాక్ కూడా రావొచ్చు, మార్చాల్సి వస్తే డాక్టరే డోసు మెల్లగా తగ్గిస్తూ మారుస్తారు. ఇక ఇన్‌హేలర్లు మానేయడం మాత్రం తప్పే, ముఖ్యంగా రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. దానికీ మీ గుండెదడకీ పెద్దగా సంబంధం లేదు, దాన్ని ఈరోజే మళ్ళీ మొదలుపెట్టండి, వాడాక నోరు పుక్కిలించండి.

దడ, వణుకు వచ్చేది ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్‌బుటమాల్‌తో. ఊపిరితిత్తుల్లో గొట్టాలు తెరుచుకోవడానికి అది బీటా-2 అనే రిసెప్టర్లని (కణాల మీద మందు పనిచేసే చోట్లని) తడుతుంది, ఆ తట్టుడు కొంచెం గుండెకీ కండరాలకీ తగులుతుంది, అందుకే దడ, కాసేపటికి తగ్గిపోతుంది. మెటోప్రొలాల్ సరిగ్గా దీనికి ఎదురు పనిచేసే మందు, కాకపోతే ఎక్కువగా గుండెలోని బీటా-1 మీదే పనిచేస్తుంది కాబట్టి ఆస్తమా ఉన్నా అవసరమైతే తక్కువ డోసుతో జాగ్రత్తగా ఇస్తాం. అదే కోవకి చెందిన ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ అలా కాదు, బీటా-1, బీటా-2 రెండింటినీ అడ్డుకుంటాయి, ఆస్తమా ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం. మీకు ఆస్తమా ఉందన్న సంగతి స్టెంట్ వేసిన డాక్టర్‌కి చెప్పారా? చాలామంది చెప్పరు, గుండె డాక్టర్ దగ్గర ఊపిరితిత్తుల గోల ఎందుకులే అనుకుంటారు.

అసలు మీ దగ్గు ఆస్తమా ఒక్కదానివల్లే అని కూడా నేను కచ్చితంగా చెప్పలేను. బీపీకీ గుండెకీ ఇచ్చే రామిప్రిల్‌తో కొందరికి గొంతు గీరుతున్నట్టు పొడిదగ్గు వస్తుంది, పిల్లికూతలు ఉండవు, కఫం రాదు, ఆస్తమా మందు ఎంత కొట్టినా తగ్గదు, అప్పుడు టెల్మిసార్టాన్ లాంటిదానికి మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్‌తో కూడా వందలో పదిమందికి పైగా ఊపిరి అందనట్టు అనిపిస్తుంది, ఊపిరితిత్తుల పరీక్ష చేస్తే అంతా బానే ఉంటుంది. అలాగని అది మీరే ఆపేయకండి, స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదకొస్తుంది. కొంతమంది ఆస్తమా పేషెంట్లకి ఆస్పిరిన్ పడదు, వేసుకున్న గంటా రెండు గంటల్లో ముక్కు దిబ్బడేసి ఆయాసం వస్తుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

ఈ రెండు మూడు రోజుల్లోనే వెళ్ళండి, ఒక స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష), ఒక ఈసీజీ, రక్తంలో పొటాషియం చూస్తారు. సాల్‌బుటమాల్ ఎక్కువ వాడితే పొటాషియం తగ్గుతుంది, నీరు పోయే టాబ్లెట్ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది, గుండె లయ తప్పుతుంది. వెళ్ళేటప్పుడు మందులన్నీ సంచిలో వేసుకెళ్ళండి, కంటి చుక్కలతో సహా, ఎందుకంటే గ్లకోమాకి వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఆస్తమాని రేపుతాయి. ఈలోగా ఆయాసం పెరిగితే సాల్‌బుటమాల్ తీసుకోండి, దడకి భయపడి ఆగొద్దు. రెండు మాటలు కలిపి మాట్లాడలేకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.