పట్టాలు లంకవి, పోలిక నల్లగొండ లైన్‌ది

ప్రశ్న: అన్నా, నాకు చిన్నప్పటి సంది రైళ్ల పిచ్చి, స్టేషన్ల కూసోని ఇంజన్ నంబర్లు రాసుకునేటోణ్ణి. ఈ నడుమ ఫోన్ల శ్రీలంక రైళ్ల వీడియోలు సూస్తున్న, ఎన్నడు అటు పోలే గానీ మన లైనే సూస్తున్నట్టు అనిపిస్తది, ఇంట్లోళ్లు నవ్వుతున్నరు. నిజంగ పోలిక ఉందా? పోతే అందరు చెప్పే ఆ కొండల ఊరు ఎల్లాకే పోవాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నవ్వేటోళ్లను నవ్వనియ్యి తమ్మీ, పోలిక ఉన్నది. వాళ్లది గూడ మన బ్రాడ్‌గేజే, పట్టాల నడుమ అదే 1676 మిల్లీమీటర్లు. అసలు సంగతి ఇంజన్ల ఉంది. వాళ్ల ఎం8 డీజిళ్లు 1996ల మన వారణాసి కార్ఖానా నుంచే పోయినయ్, లోపల ఉండేది అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్ మోటర్, బీబీనగర్–నడికుడి లైన్ల కరెంటు తీగలు రాకముందు మన దగ్గర తిరిగిన ఆల్కోల చుట్టాలే అవి. ఆగి ఉన్నప్పుడు డుగుడుగు, కదిలేటప్పుడు గుప్పున లేచే నల్లపొగ, నువ్వు ఆ వీడియోలల్ల దేవులాడేది గదే అని నా అనుమానం, ఎందుకంటే ఇప్పుడు నల్లగొండల ఎలక్ట్రిక్ ఇంజన్ వచ్చిపోయింది గూడ తెలుస్తలేదు.

ఎల్లా అంటవా, చాయ్ తోటలు, తొమ్మిది కమాన్ల బ్రిడ్జి, డెమోదర కాడ లైన్ గుండ్రంగ తిరిగొచ్చి తన స్టేషన్ కిందనే సొరంగంల దూరుడు, మంచిగనే ఉంటది కాదనను, కానీ తలుపు కాడ వేలాడుకుంట ఫొటోలు దిగేటోళ్ల గోల ఎక్కువ, పైగా ఆ చలికొండలల్ల మన ఊరు యాడ కనపడ్తది?

నువ్వు లంకకు ఉత్తరాన ఉన్న జాఫ్నా దిక్కు పో. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి యాళ్ దేవి అనే రైలు పోతది, దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. వవునియా దాటినంక బల్లపరుపు నేల, ఎండ, జాఫ్నా దగ్గరపడేసరికి ఎటు సూసినా తాటిచెట్లు, చిట్యాల రామన్నపేట నడుమ పోతున్నమా అనిపిస్తది. యుద్ధంల 1990 నుంచి ఆగిపోయిన లైన్ అది, మన సర్కారు రైల్వే కంపెనీ ఇర్కాన్ మళ్ల పట్టాలు ఏసినంకనే 2014 అక్టోబర్‌ల జాఫ్నాకు రైలొచ్చింది.

ఒక్కటి మాత్రం, టికెట్ తీసుకునేముందు ఇంజన్ తగిలించిన బండేనా అని అడుగు, మన చెన్నైల తయారైన డీఎంయూ సెట్లు, అంటే వేరే ఇంజన్ లేకుండ బండిలనే డీజిల్ మోటర్ ఉండేటియి గూడ వాళ్ల దగ్గర నడుస్తయ్, కూసునేతందుకు సుఖమే గానీ నీకు కావాల్సిన సప్పుడు రాదు. ఇంజన్ ఎనుక మొదటి డబ్బల కిటికీ సీటు దొరికితే ఇడువకు, పొగ మొఖం మీదికొస్తది, దస్తీ పెట్టుకో.