అభ్యంతరం అంటే ఇష్టం లేకపోవడం కాదు

మీరు అడిగింది ఇది: "క్రీస్తు మనల్ని విడిపించాడని పాడుకుంటాం, మళ్లీ సంఘంలో అది చూడకూడదు ఇది వినకూడదు అంటారు. సినిమా చూసే స్వేచ్ఛ కూడా లేనప్పుడు ఆ విడుదలకి అర్థం ఏంటి, అసలు హద్దు ఎక్కడుంది?"

బైబిల్ వచనాలు వరసగా పేర్చి జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లవి కూడా చదవండి. నేను ఒక పేకముక్కల కట్ట గురించి చెబుతాను, ఎందుకంటే నాకు ఈ విషయం బుర్రకెక్కింది దానివల్లే.

నేను పెరిగిన క్రైస్తవ సంఘంలో నియమాలకి లోటు లేదు. ఏది చేయొచ్చో చెప్పేవాళ్లు లేరు గానీ ఏది చేయకూడదో మమ్మల్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాళ్లం. ఇరవై మూడేళ్లప్పుడు ఒకరోజు బైబిల్లోని గలతీ పత్రికని, అంటే తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు గలతీయ ప్రాంతపు సంఘాలకి రాసిన ఉత్తరాన్ని, ఒకే బిగిన మొదట్నుంచి చివరిదాకా చదివాను. ఆరే అధ్యాయాలు, గంట కూడా పట్టదు. ఐదో అధ్యాయం మొదట్లోనే, మళ్లీ దాస్యమనే కాడి కింద చిక్కుకోవద్దంటాడు పౌలు. ఒళ్లు జలదరించింది. తర్వాత కొలొస్సయులకి రాసిన పత్రిక రెండో అధ్యాయం కంటపడింది. ముట్టుకోవద్దు, రుచి చూడవద్దు లాంటివి మనుషులు పెట్టిన పద్ధతులనీ, పైకి జ్ఞానంలా కనిపించినా శరీర కోరికల్ని అదుపు చేయడానికి పనికిరావనీ అక్కడ సూటిగానే ఉంది. ఇంక నన్ను ఆపేదెవరు? ఓ ఆర్నెల్లపాటు నన్ను భరించడం కష్టమైపోయింది. ఎవరైనా "అది తప్పు కదా" అంటే చాలు, వచనం తీసి కొట్టేవాణ్ణి. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండే ఒక పెద్దావిడని పట్టుకుని, మీకు కృప అంటే తెలియదమ్మా అన్నాను కూడా. నియమాలు పాటించేవాళ్ల గర్వం మీద ప్రసంగాలు బోలెడు విన్నాను, నియమాలు వదిలేసినవాళ్ల గర్వం మీద ఒక్కటీ వినలేదు, అది ఇంకా కంపు కొడుతుంది, నాది నేనే చూశాను కాబట్టి చెబుతున్నా.

ఆ రోజుల్లోనే మా యూత్ వాళ్లం పదిమందిమి ఒకరింట్లో రాత్రి ప్రార్థన పెట్టుకున్నాం. అయ్యాక ఎవరికీ నిద్ర రాలేదు. నేను బ్యాగులోంచి పేకముక్కలు తీశాను. నిజం చెప్పాలంటే ఆడాలని తేలేదు, తెచ్చానని అందరికీ చూపించాలని తెచ్చాను. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. "డబ్బులు పెట్టట్లేదు కదా, అట్టముక్కలకి పాపం అంటుకుంటుందా" అని ఒక చిన్న ప్రసంగం చేసి పంచడం మొదలుపెట్టాను.

మాలో ఒకన్న ఉండేవాడు. మాకంటే పన్నెండేళ్లు పెద్ద, సంఘానికి రావడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయిందేమో, మాట తక్కువ. ఆయన సంఘంలో సాక్ష్యం, అంటే తన జీవితం ఎలా మారిందో, చెప్పినప్పుడు అప్పులనీ ఇల్లు పోయిందనీ విన్నాను గానీ, దేనివల్ల పోయిందో నేను పట్టించుకోలేదు. ఆయన ముందు కూడా ముక్కలు వేశాను. మొదటి ఆటకి ముట్టుకోలేదు, కానీ కళ్లు వాటి మీదే ఉన్నాయి. రెండో ఆటకి చేతిలోకి తీసుకున్నాడు. ఆ విప్పిన తీరు చూసి మాలో ఒకడు "అన్న చెయ్యి బాగా తిరిగినట్టుందే" అని జోకేశాడు, అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. వరసగా మూడు ఆటలు గెలిచాడు. నాలుగో ఆట మధ్యలో ముక్కలు బోర్లా పెట్టి, నీళ్లు తాగొస్తానని లేచి వీధి తలుపు వైపు వెళ్లాడు. మేం ఆటలో పడి చూసుకోలేదు. పొద్దున్న చూస్తే ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

రెండు ఆదివారాలు ఆయన కనిపించలేదు. మూడో వారం నేను వాళ్లింటికి వెళ్లాను, చెప్పులు కవర్లో పెట్టుకుని. క్షమాపణ అడగడానికి అనుకుంటున్నారేమో, కాదు. ఆయన మనస్సాక్షికి ధైర్యం చెబుదామని, వచనాలు గుర్తుపెట్టుకుని మరీ వెళ్లాను. చాలాసేపు విన్నాడు పాపం. తర్వాత అన్నాడు, "నువ్వు చెప్పేది నిజమే తమ్ముడూ, ముక్కల్లో ఏం లేదు. కానీ ఆ రాత్రి నా చేతులు నా మాట వినలేదు. ప్రార్థన జరిగిన చోటే నువ్వే పంచుతుంటే, ఇక నాకు కూడా పర్లేదేమో అనిపించింది." అక్కడినుంచి తిన్నగా పాత చోటికే వెళ్లాడట. ఆ నెల జీతం మూడు రాత్రుల్లో పోయింది.

ఇంటికొచ్చి కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం తీశాను. విగ్రహాలకి అర్పించిన మాంసం తినొచ్చా అన్న గొడవ అది. తెలిసినవాళ్ల వాదన పక్కాగా ఉంది: విగ్రహం వట్టిది, దేవుడు ఒక్కడే, కాబట్టి తింటే తప్పేం లేదు. పౌలు ఆ వాదన తప్పని కొట్టిపారేయడు. నువ్వు తినడం చూసి, మనస్సాక్షి ఇంకా ఒప్పుకోనివాడు ధైర్యం తెచ్చుకుని తింటే వాడి సంగతేంటి అంటాడు. ఎవరికోసం క్రీస్తు చనిపోయాడో ఆ సహోదరుడు నీ జ్ఞానం వల్ల నశిస్తాడు అంటాడు. నొచ్చుకుంటాడు అనలేదు, నశిస్తాడు అన్నాడు. "నువ్వే పంచుతుంటే పర్లేదేమో అనిపించింది" అని అన్న చెప్పిన మాట రెండు వేల ఏళ్ల కిందటి ఉత్తరంలో కనిపించేసరికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక నా అసలు గోల. తెలుగు బైబిల్లో అక్కడ ఉన్న మాట "అభ్యంతరము". మీ స్వాతంత్ర్యం వల్ల బలహీనులకు అభ్యంతరం కలగకుండా చూసుకోండి అని. ఇవాళ మనం అభ్యంతరం అనే మాట ఎలా వాడుతున్నాం? "మీకేమైనా అభ్యంతరమా" అంటే మీకు ఇష్టమేనా, ఒప్పుకుంటారా అని. ఆ అర్థంతో ఈ వచనం చదివితే, సంఘంలో ఏ ఒక్కరికి నచ్చకపోయినా నువ్వు ఆగిపోవాలి. పౌలు రాసిన భాష గ్రీకులో తొమ్మిదో వచనంలో ఉన్న మాటకి అర్థం కాలికి తగిలి పడేసేది. పదమూడో వచనంలోది స్కాండలాన్ అనే మాట నుంచి వచ్చింది, ఉచ్చులో ఎరని పట్టి ఉంచే పుల్ల అన్నమాట, తాకితే ఉచ్చు పడిపోతుంది. రెండు చోట్లా మనిషి పడిపోవడం గురించే మాట్లాడుతున్నాడు. మొహం మాడ్చుకోవడం గురించి కాదు. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల సంఘాల్లో సగం గొడవలు వస్తున్నాయని నా గట్టి నమ్మకం.

నాకే జరిగింది ఇంకోటి. పేకముక్కలు పారేసిన రెండేళ్లకి, ఆరాధనలో నేను గిటార్ వాయించడం నచ్చని ఒక సంఘపెద్ద ఇదే అధ్యాయం చూపించి "నాకు అభ్యంతరంగా ఉంది, బలహీనుడైన సహోదరుణ్ణి అభ్యంతరపరచకూడదు" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లుగా సంఘపెద్ద! నేను ఊరుకోలేక, "అయ్యగారూ, నన్ను చూసి మీరు కూడా మనస్సాక్షికి విరుద్ధంగా గిటార్ వాయించేస్తారా?" అని అడిగాను. అలా అడగడం మర్యాద కాదు, తర్వాత వెళ్లి క్షమించమని కూడా అన్నాను. ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోలేదు. సంఘంలో అందరికంటే బలమున్నవాళ్లే బలహీనుల కుర్చీలో కూర్చుంటే ఎలా?

పౌలు కూడా అందరికీ ఒకేలా తలొగ్గలేదు. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో తన సహచరుడు తిమోతికి సున్నతి చేయించాడు, ఎందుకంటే అక్కడి యూదులకి అతని తండ్రి గ్రీసు దేశస్థుడని తెలుసు, వాళ్ల మధ్య పని చేయాలి. తీతు అనే గ్రీకు సహచరుడి దగ్గరికి వచ్చేసరికి కొందరు పట్టుబట్టినా ఒక్క గడియ కూడా లొంగలేదు, గలతీ రెండో అధ్యాయం చూడండి. ఎదుటి మనిషి కోసం అయితే ఒప్పుకున్నాడు, అది లేకపోతే కుదరదని షరతు పెట్టేసరికి ససేమిరా అన్నాడు. అదే అధ్యాయంలో క్రీస్తు శిష్యుడు పేతురు సంగతి కూడా ఉంది. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే భయపడి పక్కకి తప్పుకున్నాడు, పౌలు అందరి ముందూ నిలదీశాడు. "వచ్చినవాళ్లకి అభ్యంతరం కదా" అని పేతురు కూడా తనకి తాను సర్దిచెప్పుకునే ఉంటాడని నా అనుమానం.

1520లో జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ ఇదే విషయం మీద రాస్తూ రెండు మాటలు పక్కపక్కన పెట్టాడు: క్రైస్తవుడు ఎవరికీ లోబడని ప్రభువు, క్రైస్తవుడు అందరికీ లోబడే సేవకుడు. ఆ ఆర్నెల్లూ నేను మొదటిదానితోనే కాపురం చేశాను. గిటార్ వద్దన్న పెద్దాయనేమో ఇతరులకి రెండోదే వినిపిస్తారు.

మీరు సినిమాల గురించి అడిగారు, నేను పేకముక్కల దగ్గరే ఉండిపోయాను, క్షమించండి. కొరింథీయులకి రాసిన ఆ మొదటి పత్రికలోనే ఆరో అధ్యాయంలో, అన్నిటిలో నాకు స్వాతంత్ర్యం ఉంది గానీ దేనికీ లోబడను అంటాడు పౌలు. సినిమా మీ చేతిలో ఉందా, మీరు దాని చేతిలో ఉన్నారా అన్నది మీకే తెలియాలి. నెలరోజులు మానేసి చూడండి అని చెబుదామనుకున్నాను, అదో కొత్త నియమం అయిపోతుంది, వద్దులెండి. మీ పక్కన కూర్చుని చూసేవాళ్లు ఎవరు, వాళ్లు దేన్నుంచి బయటపడి వచ్చారు అన్నది మాత్రం కనుక్కోండి. నేను కనుక్కోలేదు.

అన్న ఐదు వారాలకి తిరిగొచ్చాడు, నావల్ల కాదు, ఆ శుక్రవారం ఉపవాసాల పెద్దావిడ రోజూ ఫోన్ చేసి మాట్లాడేదట. పోయినేడాది ఒకరింట్లో కలిశాం, లోపల పిల్లలు పేకాడుకుంటున్నారు. తీసేయమని చెప్పనా అని లేవబోయాను. "వాళ్లని ఆడుకోనీ తమ్ముడూ, మనం అలా బయట కూర్చుందాం పద" అన్నాడు. ఈసారి చెప్పులు వేసుకునే బయటికి నడిచాడు.