‘ఇంకా ఎన్నాళ్లు?’ అని వదిన అడిగింది

ప్రశ్న: మాది అనంతపురం. అక్కడే బీకాం చేశాను, 58 శాతం వచ్చింది. ఏడాదిగా బెంగళూరు మారతహళ్లిలో అన్నయ్యావాళ్లింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఫైనాన్స్‌లో స్థిరపడాలని నా ఆశ. ఇంటర్వ్యూలకు వెళ్తే ఫైనాన్షియల్ మోడలింగ్ (కంపెనీ రాబోయే లెక్కల అంచనాను ఎక్సెల్‌లో కట్టడం) వచ్చా అంటారు. నాకొచ్చింది జర్నల్ ఎంట్రీలు, టాలీ. చిక్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదహారు వేల జీతానికి రమ్మంటున్నారు. అన్నయ్యది సాఫ్ట్‌వేర్. లక్షన్నర కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి, పెద్ద కంపెనీలో ఫైనాన్షియల్ అనలిస్ట్‌గా ఎక్కించే కన్సల్టెన్సీ ఉందంటాడు. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ డబ్బు తను ఇస్తానని, అదీ వద్దంటే సంబంధాలు చూస్తానని అంటున్నారు. మొన్న వదిన అందరి ముందూ ‘ఇంకా ఎన్నాళ్లు?’ అనేసింది. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో వదిన గురించి పేజీన్నర ఉంది, ఉద్యోగం గురించి నాలుగు వాక్యాలున్నాయి. మీ మనసు ఎక్కడ చిక్కుకుందో దాన్నిబట్టే తెలుస్తోంది. కానీ ముందు తేల్చుకోవలసింది ఆ లక్షన్నర సంగతి. వదిన మాట దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ డబ్బు కట్టకండి. బెంగళూరులో మనవాళ్లు దీన్ని ‘బ్యాక్‌డోర్’ అని మామూలుగా చెప్పుకుంటారు, అందరూ చేస్తున్నదేగా అన్నట్టు. మీ అన్నయ్య చెడ్డవాడని కాదు, తన చుట్టూ చూసిందే మీకూ చెబుతున్నాడు. కానీ మూడేళ్లు ఎక్కడో పనిచేశానని రాసుకుంటే, ఆ మూడేళ్ల పీఎఫ్ ఏదని అడుగుతారు. ఎవరు ఏ నెల నుంచి ఏ నెల దాకా జమ చేశారో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఖాతాలో వరుసగా కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి, చేరాక కూడా చేయిస్తాయి. అప్పుడు బయటపడితే పోయేది ఆ ఉద్యోగం ఒక్కటే కాదు. పైగా మీరు పెట్టుకున్న వృత్తి లెక్కలది. దొంగ కాగితంతో లోపలికి వెళ్లినవాళ్ల చేతికి కంపెనీ పుస్తకాలు ఎవరిస్తారు? అది మీ నాన్నగారి రిటైర్‌మెంట్ డబ్బన్నది సరేసరి.

ఇక మీ ఆశ గురించి. ఫైనాన్స్ అంటే మీరు అనుకుంటున్నది షేర్లు, పెట్టుబడులు, పెద్ద పెద్ద డీల్స్ అని ఉత్తరం చదివితే అనిపించింది. ఆ ఉద్యోగాలకు ఎక్కువగా సీఏలనూ, మంచి కాలేజీల ఎంబీఏలనూ తీసుకుంటారు. మామూలు బీకాంతో నేరుగా వెళ్లడం అరుదు. ఇది చెప్పకుండా ధైర్యం చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. కానీ ఫైనాన్స్ అంతా అదే కాదు. అవుటర్ రింగ్ రోడ్డు మీది విదేశీ కంపెనీల సెంటర్లలో మొదట ఇన్‌వాయిస్‌ల పని ఇస్తారు, తర్వాత నెలాఖరు క్లోజింగ్, ఆ తర్వాత బడ్జెట్లు, ఫోర్‌కాస్టులు. అకౌంట్స్ చదివినవాళ్లు చాలామంది ఆ మెట్ల మీదుగానే వెళ్తారు.

మరి పదహారు వేల చిక్‌పేట ఉద్యోగం? నేనైతే చేరమంటాను. అక్కడ మీ చేతిలోంచి ఏమేం వెళ్తాయో చూడండి. ఒక బట్టల వ్యాపారి లక్ష రూపాయల సరుకు అప్పు మీద అమ్మాడనుకోండి. పుస్తకంలో లాభం నమోదైపోతుంది. కొన్నవాడు మూడు నెలలకు గానీ డబ్బివ్వడు. జీఎస్టీ మాత్రం ఇన్‌వాయిస్ రాసిన నెల లెక్కలోకే వస్తుంది, నెలనెలా రిటర్ను వేసేవాడైతే మర్నెల 20లోపు కట్టాలి. లాభం కనిపిస్తూనే ఉంటుంది, కట్టడానికి చేతిలో డబ్బుండదు. ఆ ఇరుకు అర్థమైన రోజు మీకు ఫైనాన్స్ మొదలైనట్టే. అప్పుడా వ్యాపారి క్యాష్ క్రెడిట్ లిమిట్ (వ్యాపారం నడపడానికి బ్యాంకిచ్చే అప్పు పరిమితి) పెంచమని బ్యాంకుకు వెళ్తాడు. బ్యాంకు సీఎంఏ డేటా అడుగుతుంది, అంటే అప్పు ఇచ్చే ముందు చూసుకునే లెక్కల పట్టిక. గడిచిన సంవత్సరాల లెక్కలు, ఈ ఏడాది అంచనా, వచ్చే ఏళ్లలో అమ్మకాలెంత, స్టాకెంత, రావలసిన బాకీలెంత, ఇవ్వవలసినవెంత, అన్నీ ఒకదానికొకటి ముడిపెట్టి ఎక్సెల్‌లో వేయాలి. తయారుచేసి ఇచ్చేది సాధారణంగా ఆడిటర్ ఆఫీసే. ఇంటర్వ్యూలో మిమ్మల్ని బెదరగొట్టిన మోడలింగ్ దీనికి దగ్గరి చుట్టమే. ఇలాంటివి కొన్ని మీ చేత్తో చేస్తే, రేపు అడిగినప్పుడు కోర్సు సర్టిఫికెట్ తీయనక్కర్లేదు, చేసిన పని చెప్పొచ్చు.

ఒక ప్రమాదం ఉంది. కొన్ని ఆఫీసుల్లో కొత్తవాళ్లను బిల్లుల ఎంట్రీ దగ్గరే ఏళ్లకేళ్లు కూర్చోబెడతారు. ఆరు నెలలైనా బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంటును పుస్తకాలతో సరిచూడటం), రిటర్నులు, బ్యాలెన్స్ షీటు మీ దాకా రాకపోతే మొహమాటపడకుండా వేరే చోటు చూసుకోండి.

సీఏ సంగతి మీరు రాయలేదు గానీ, నాన్నగారి మనసులో ఉండే ఉంటుంది. కామర్స్ డిగ్రీలో 55 శాతం దాటింది కాబట్టి మీరు ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేయాల్సిన శిక్షణ) మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, అయితే ఇంటర్ రెండు గ్రూపులూ పాసైతేనే అది మొదలవుతుంది. ఆడిటర్ ఆఫీసులో జీతానికి చేసే పని ఆర్టికల్‌షిప్ కింద లెక్కకు రాదు. ఈ రెండూ ఒకటే అనుకుని ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇప్పుడే దూకమనను. ఒక ఏడాది పనిచేస్తే ఈ చదువు మీకు సరిపడేదో కాదో మీకే తెలుస్తుంది.

వదిన దగ్గరికి వస్తాను. ‘ఇంకా ఎన్నాళ్లు?’ అన్నది మీకు ఎత్తిపొడుపులా తగిలింది. అందరి ముందూ అనకుండా ఉండాల్సింది, నిజమే. కానీ ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. రెండు గదుల ఇంట్లో ఏడాదిగా మరో మనిషి ఉంటే, ఎంత మంచి ఇల్లాలైనా లోపల్లోపల రోజులు లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి జవాబు చెప్పండి. ‘వదినా, ఉద్యోగంలో చేరుతున్నాను. ఏడాది ఇక్కడే ఉంటాను, తర్వాత పీజీ హాస్టల్ చూసుకుంటాను’ అని నెలా సంవత్సరంతో సహా. పదహారు వేల జీతంలో పీజీకే సగం దాకా పోతుంది కాబట్టి ఇప్పుడే వెళ్లిపోవడం తెలివైన పని కాదు. మొదటి జీతం నుంచి మూడు వేలు ఇంటి ఖర్చుకివ్వండి, అన్నయ్య చేతికి కాదు, వదిన చేతికి. వద్దంటుంది, అయినా ఇవ్వండి.

నాన్నగారికి ఫోన్లో కాకుండా ఊరికెళ్లి చెప్పండి. ఆ వయసు మనిషికి ‘ఫైనాన్స్ కెరీర్’ అంటే ఏమీ కనిపించదు. ఈ ఏడాది ఇంత జీతం, ఈ పని నేర్చుకుంటాను, వచ్చే ఏడాది ఈ రకం ఉద్యోగాలకు వెళ్తాను అని కాగితం మీద రాసి చూపించండి. ఏళ్లపాటు సాయంత్రం సాయంత్రం డిపోలో లెక్క అప్పజెప్పిన మనిషికి ఆ భాష అర్థమవుతుంది. సంబంధాల విషయంలోనూ ఆ ఏడాదే గడువు అడగండి. కాదనేటంత కఠినంగా నాకైతే ఆయన కనిపించలేదు.

చేరే ముందు ఆ ఆడిటర్ గారిని ఒక్కటి అడగండి: సీఎంఏ డేటా, బ్యాలెన్స్ షీటు పనిలో నన్ను ఎప్పటినుంచి కూర్చోబెడతారు? ఆయన నవ్వి మాట దాటేస్తే, ఇంకో ఆఫీసు కూడా చూసి పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమంటే మాత్రం ఒప్పుకోకండి, జెరాక్సులు ఇవ్వండి చాలు.