తోపు లెక్క అడగడం తప్పు కాదు

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 52 ఏళ్లు. మావారు పోయి ఏడాదిన్నర అయింది. బ్యాంకు పనులన్నీ ఆయనే చూసుకునేవారు. మొన్న డబ్బు తీయడానికి వెళ్లి, ఫారం నింపడం చేతకాక వెనక్కి వచ్చేశాను. చిత్తూరు దగ్గర ఆయన కొన్న నాలుగెకరాల మామిడి తోపు మా మరిది చూస్తున్నాడు. లెక్క అడగాలంటే మొహమాటం. అబ్బాయి బెంగళూరు వచ్చేయమంటున్నాడు. ఇక నా బతుకు ఇంతేనా అని ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, బ్యాంకు నుంచి వెనక్కి వచ్చేశానన్న మాట చదివి మనసు చివుక్కుమంది. అది చేతకానితనం కాదు. ఇన్నేళ్లూ ఆ కాగితం మీ చేతికి రాలేదు, అంతే. రేపు రెండు ఖాళీ ఫారాలు ఇంటికి తెచ్చుకోండి. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని, ఖాతా నంబరు ఒక్కో అంకే చూసి రాయండి. తప్పు పోతే చించేసి రెండోది నింపండి. ఐదొందలు తీసినా చాలు. ఆ నోట్లు కౌంటర్ దగ్గర మీరే లెక్కపెట్టుకోండి. ఈ ఒక్క పనికి అబ్బాయిని తోడు పిలవకండి.

ఇక తోపు. వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త స్వార్జితంలో మీకు, బిడ్డలకు, అత్తగారు ఉంటే ఆవిడకు సమాన వాటాలు. ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, 1-బి అనే రికార్డులు తీయించి తోపు ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. మరిదిని నిలదీయక్కర్లేదు. 'తోతాపురి టన్ను ఎంతకు పోయింది నాయనా, మందులకు ఎంతయింది?' అంటే చాలు. అతనూ కష్టపడుతున్నాడు, ఆ మాట కూడా అనండి.

సంక్రాంతి దాటాక ఒకసారి తోపుకు వెళ్లండి. పూత మీద ఈగల రొద వింటూ, ఏ చెట్టు పూసిందో ఏది పూయలేదో మీరే చూసుకుంటూ గట్లన్నీ తిరగండి. తిరుపతిలో ఉన్న రోజుల్లో పొద్దున్నే కపిలతీర్థం దాకా నడవండి. వానలు బాగా పడ్డప్పుడు కొండ మీంచి దూకే ఆ నీళ్ల ముందు ఊరికే కూర్చోండి. ఆయన గుర్తొస్తే ఏడవండి, తప్పు లేదు. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

అబ్బాయి ప్రేమతోనే పిలుస్తున్నాడు. 'కోతలయ్యాక వచ్చి నెల ఉంటాను' అనండి. ఇల్లు మాత్రం ఇప్పుడే ఖాళీ చేయకండి. మరిదికి ఈ ఆదివారమే ఫోన్ చేయండి. మాట ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, బోరులో నీళ్లు బాగా వస్తున్నాయా అని అడగండి.