లెక్కల సందేహాలు: హారాలను ఎందుకు కలపకూడదు?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఆరో తరగతి. 1/2 + 1/3 ఎంత అంటే 2/5 అని రాస్తోంది. పైవి పైవి, కిందవి కిందవి కలిపాను కదా, తప్పేంటి అంటోంది. ఎలా చెప్పాలి?

జవాబు: తప్పు అని వెంటనే అనకండి. 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా అని అడగండి చాలు. 5లో సగం రెండున్నర, కాబట్టి 2/5 సగానికి తక్కువే. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గడం ఏంటన్నది తనే పట్టుకోవాలి, మీరు చెప్పేస్తే పరీక్షలో మళ్లీ అదే రాస్తుంది.

ఆ తర్వాత హారం సంగతి చెప్పండి. ఒక మొత్తాన్ని ఎన్ని సమభాగాలు చేశామో హారం చెబుతుంది, అందులో ఎన్ని తీసుకున్నామో లవం చెబుతుంది. భాగాల సైజే వేరైనప్పుడు వాటిని లెక్కపెట్టి కలపలేం, అందుకే రెండిటినీ ఆరో వంతుల్లోకి మారుస్తాం: 3/6 + 2/6 = 5/6.

పెద్ద హారాలు వస్తే చాలామంది పిల్లలు రెండిటినీ గుణించేస్తారు. 5/12 + 7/18 తీసుకోండి. 12 × 18 = 216 అని మొదలుపెడితే జవాబు 174/216 వస్తుంది, అది తప్పేం కాదు గానీ దాన్ని 6తో కొట్టేసి 29/36 చేసేసరికి ఓపిక అయిపోతుంది. అదే 12 = 2 × 2 × 3, 18 = 2 × 3 × 3 అని ముందే విడదీస్తే, రెండు 2లు, రెండు 3లు ఉంటే ఆ రెండు సంఖ్యలూ అందులో ఇమిడిపోతాయని కనిపిస్తుంది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు సంఖ్యలూ శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య) 36. ఇక 15/36 + 14/36, అంతే. క.సా.గు.ని బట్టీ పట్టించడం కంటే ఇలా విడదీసి చూపించడమే మంచిదని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: కారణాంకాలు (ఒక సంఖ్యని శేషం లేకుండా భాగించేవి) రాసేటప్పుడు మా వాడు ఎప్పుడూ ఒకటో రెండో వదిలేస్తాడు.

జవాబు: జతలుగా రాయించండి. 84కి 1 × 84, 2 × 42, 3 × 28, 4 × 21, 6 × 14, 7 × 12. ఆ తర్వాత 8, 9 పోవు. 10 × 10 వందకి చేరి 84ని దాటేసింది కాబట్టి ఇంక వెతకక్కర్లేదు, మొత్తం 12 కారణాంకాలు.

ప్రశ్న: వైశాల్యం ఒకటే అయితే చుట్టుకొలత కూడా ఒకటే కదా?

జవాబు: కాదు. వైశాల్యం 36 చదరపు సెంటీమీటర్లు ఉండే దీర్ఘచతురస్రాలు గీయించండి. ఇక్కడా కారణాంకాల జతలే పనికొస్తాయి: 1, 36 భుజాలైతే చుట్టుకొలత 74 సెం.మీ., 4, 9 అయితే 26, 6, 6 అయితే 24. గళ్ల కాగితం మీద గీస్తే ఈ తేడా మీవాళ్లకి కళ్లకి కనిపిస్తుంది.