రెండు పాత పేటెంట్లు కలిపితే మీ పిక్సెల్ వచ్చేస్తుందని ఎగ్జామినర్ అంటే ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు తెల్ల సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లోని చిన్న గడి) కూడా ఉన్న డిస్‌ప్లే మీద పేటెంటుకు దరఖాస్తు చేశారు. పేటెంట్ కార్యాలయం నుంచి తొలి అభ్యంతరాల లేఖ, ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్, అదే ఎఫ్‌ఈఆర్, వచ్చింది. ఎగ్జామినర్ అందులో చూపిన రెండు పాత పేటెంట్లే డీ1, డీ2. తెల్ల సబ్‌పిక్సెల్ డీ1లో ఉంది, పక్కపక్క పిక్సెళ్లు ఒకే నీలాన్ని పంచుకోవడం డీ2లో ఉంది, ఈ రెండూ చదివినవాడికి మీది ఇట్టే తట్టేస్తుంది అన్నారు. పైగా తెలిసినవాటిని ఊరికే సర్దడం ఆవిష్కరణ కాదనే సెక్షన్ 3(ఎఫ్) కూడా తగిలించారు. "డీ1లో పంచుకోవడం లేదు, డీ2లో తెలుపు లేదు, కాబట్టి మాది కొత్తది" అని రాస్తే చాలా అని అడుగుతున్నారు.

చాలదు. సరిగ్గా ఆ వాక్యమే నేనూ ఒకసారి రాసి దెబ్బ తిన్నాను. అది కొత్తదనానికి చెప్పే జవాబు. మిమ్మల్ని అడిగింది ఇన్వెంటివ్ స్టెప్ గురించి, అంటే ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టనిదేనా అని. ఎగ్జామినర్ రెండు కాగితాలు కలిపి చూపించాక, ఏ ఒక్క కాగితంలోనూ మొత్తం లేదని చెప్పడం ఆయన ముందే ఒప్పుకున్న సంగతిని మళ్లీ ఆయనకే చెప్పడం.

నేను హైదరాబాదులో పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న కంపెనీ ఇలాంటి ఫైలే పట్టుకొచ్చింది. ఎండలో కూడా కనబడే బోర్డుల కోసం ఎల్‌సీడీ ప్యానెల్. రెండు పిక్సెళ్లకు కలిపి ఆరు సబ్‌పిక్సెళ్లు: ఎరుపు రెండు, ఆకుపచ్చ రెండు, నీలం ఒకటి, తెలుపు ఒకటి. వాళ్లకు వచ్చిన డీ1, డీ2 అచ్చం మీవాటిలాంటివే.

మొదటి జవాబులో పైన చెప్పిన వాక్యం రాశాను. హియరింగ్ నోటీసు వచ్చింది. అప్పుడు కాస్త తెలివి వచ్చి, లెక్క కట్టుకుని వెళ్లాను. ఆ లెక్క మీకూ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా.

ఒక్కో రంగు ఫిల్టరు తన మీద పడిన తెల్లకాంతిలో మూడో వంతే బయటికి వదులుతుందనుకోండి. మామూలు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) చారల ప్యానెల్‌లో బ్యాక్‌లైట్ వెలుతురులో 33 శాతమే తెలుపుగా బయటికొస్తుంది. డీ1లాగా నాలుగు సమాన గళ్లు చేసి ఒక గడికి ఫిల్టరు తీసేస్తే తెలుపు 50 శాతానికి పెరుగుతుంది. ఒకటిన్నర రెట్లు. వినడానికి బాగుంది. కానీ ఎరుపు, ఆకుపచ్చ గళ్లు మూడో వంతు నుంచి నాలుగో వంతుకు చిక్కిపోయాయి కదా, పసుపు రంగు 25 శాతం పడిపోతుంది. అటు తెలుపు పెరిగి, ఇటు పసుపు తగ్గేసరికి తెలుపుతో పోల్చిన పసుపు సరిగ్గా సగం అవుతుంది. తెల్ల బోర్డు మీద పసుపు అక్షరం ఆవపిండి రంగులో కనిపించేది ఇందుకే. కన్ను విడిగా పసుపును చూడదు, పక్కనున్న తెలుపుతో పోల్చి చూస్తుంది.

మా ఆరు గళ్ల అమరికలో ఎరుపు, ఆకుపచ్చల వాటా మళ్లీ మూడో వంతు చొప్పున నిలబడుతుంది. పసుపు ఏమీ తగ్గదు. తెలుపు మాత్రం 44 శాతం, అంటే 1.33 రెట్లు. నష్టం నీలానిది, దాని వాటా సగమైంది. అయితే కంటిలో నీలాన్ని పట్టే కోన్ కణాలు మిగతా రెండు రకాలకంటే బాగా తక్కువ, సన్నని వివరాలకు కన్ను నీలం మీద పెద్దగా ఆధారపడదు, కాబట్టి అక్కడ కోత పెట్టినా అక్షరాలు చెడవు.

ఈ లెక్కంతా గర్వంగా చెప్పాను. వీడియో హియరింగులో అటువైపు అధికారి ఓపిగ్గా విని ఒకే మాట అడిగారు: "ఇది మీరు కాగితం మీద రెండు నిమిషాల్లో కట్టారు. ఈ రంగం తెలిసినవాడు కట్టలేడా?"

నోట మాట రాలేదు. ప్రయోజనం చూపిస్తే చాలు అనుకున్నాను. తెలిసిన సూత్రాలతో ముందే లెక్క కట్టగలిగిన ప్రయోజనం మన వాదనకు బలం ఇవ్వదు, ఎదుటివాళ్ల వాదనకే ఇస్తుంది. ఊహించదగ్గ ఫలితం కోసం రెండు తెలిసిన విషయాలు కలపడం, అబ్వియస్ (ఇట్టే తట్టేది) అనడానికి పాఠ్యపుస్తకంలో ఉండే ఉదాహరణ. అమెరికాలో 2007లో కేఎస్‌ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. మన చట్టంలో మాటలు వేరు. సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం ఉన్న జ్ఞానం మీద సాంకేతికంగా ముందడుగో, ఆర్థిక ప్రాముఖ్యమో, రెండూనో ఉండాలి, దానివల్ల ఆ ఆవిష్కరణ నిపుణుడికి ఇట్టే తట్టనిది కావాలి. ఈ చివరి ముక్కను చాలామంది మింగేసి "మా ప్యానెల్ కరెంటు ఆదా చేస్తుంది, ఆర్థిక ప్రాముఖ్యం ఉంది" అని ఆపేస్తారు.

ఆ నిపుణుడు ఎవరంటే, ఆ రంగంలో అచ్చయిందంతా చదివినవాడు, కానీ సొంతంగా కొత్త ఊహ పుట్టనివాడు. మనందరికీ అలాంటి సహోద్యోగి ఒకరు ఉంటారు. డీ2 చదువుతున్నప్పుడు అతని పక్కన కూర్చోండి. నీలం పంచుకోవాలని డీ2 చెప్పింది సరే, ఎందుకు చెప్పింది?

ఆ "ఎందుకు" దగ్గరే మా ఫైలు బతికింది. అది నా తెలివి కాదు, వాళ్ల ఇంజినీరు ఒకామె పుణ్యం. హియరింగ్ తర్వాత రాతపూర్వక వాదన ఇవ్వడానికి 15 రోజులే ఉంటాయి. ఆ గడువులో నేను వాళ్ల ల్యాబుకు వెళ్తే, ఆమె నగల పనివాళ్లు వాడే భూతద్దం చేతిలో పెట్టి రెండు ప్యానెళ్లు చూడమంది. (మీ దగ్గర భూతద్దం లేకపోతే ఫోన్ స్క్రీన్ మీద చిన్న నీటిబొట్టు వేసి చూడండి, సబ్‌పిక్సెళ్లు కనిపిస్తాయి.) మొదటి ప్యానెల్‌లో తెల్ల గళ్లన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చాయి. భూతద్దం తీసి మూరెడు దూరం నుంచి చూసినా సన్నని నిలువు గీతలు, దువ్వెన పళ్లలా. తెలుపు ఎక్కువ వెలుగు, నీలం బాగా తక్కువ వెలుగు. రెండూ నిలువు వరుసల్లో సర్దుకుంటే గీత కనబడక ఏమవుతుంది. రెండో ప్యానెల్‌లో వరుస వరుసకీ తెలుపు, నీలం చోట్లు తారుమారు చేశారు. గీతలు మాయం.

"మరి డీ2 వాళ్లు ఇలా ఎందుకు చేయలేదు?" అన్నాను. "వాళ్లు నీలాన్ని పంచిందే డేటా లైన్లు, అంటే గళ్లకు వోల్టేజీ మోసే తీగలు, తగ్గించుకోవడానికండీ. నీలం ఒకే నిలువులో ఉంటేనే దానికి ఒక లైను చాలుతుంది. తారుమారు చేస్తే ఆ లైనులో వరుసకోసారి నీలం, తెలుపు వోల్టేజీలు మారుతూ ఉండాలి. ఆ లైన్లను నడిపే డ్రైవర్ సర్క్యూట్ వేడెక్కుతుంది. అందుకే నిలువుగానే ఉంచమని వాళ్ల కాగితంలోనే రాసుకున్నారు," అంది.

డీ2ను నేను నాలుగుసార్లు చదివాను. క్లెయిములు (హక్కు కోరే వాక్యాలు), బొమ్మలు చదివాను. ఆ పేరా మీద మాత్రం నా కన్ను ఆగలేదు.

ఇక రాతపూర్వక వాదన తేలికైంది. డీ1, డీ2 కలిపిన నిపుణుడికి వచ్చేది మొదటి ప్యానెల్, గీతల ప్యానెల్. రెండోదానికి వెళ్లాలంటే డీ2 వద్దన్న పనే చేయాలి, డీ2 ఏ లాభం కోసం పుట్టిందో ఆ లాభాన్నే వదులుకోవాలి. అలా చేయమని డీ1 ఎక్కడా సూచించలేదు. తారుమారు అమరిక మా నాలుగో క్లెయిములో ముందునుంచీ ఉంది కాబట్టి దాన్ని మొదటి క్లెయిములోకి ఎక్కించాం. అది అక్కడా లేక, కనీసం స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులోని వివరణలో) కూడా లేకపోయుంటే కథ అక్కడితో ముగిసేది. సెక్షన్ 59 కింద సవరణ అంటే ఉన్నదాన్ని కుదించుకోవడమే, కొత్తది చేర్చడం కుదరదు. రెండు ప్యానెళ్ల కొలతలు ఆమె నోటుపుస్తకంలో ఉన్నాయి, దరఖాస్తులో లేవు. అఫిడవిట్‌గా ఇచ్చాం. ఎంత పని చేసిందో చెప్పలేను. దరఖాస్తు వేసేనాడే ఒక పట్టిక పెట్టి ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

3(ఎఫ్) సంగతి. తెలిసిన పరికరాలు దేని మానాన అది తెలిసిన పద్ధతిలో పనిచేసుకుంటుంటే, వాటిని ఊరికే అటూ ఇటూ సర్దడం ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ అంటుంది. సబ్‌పిక్సెల్ అమరికల మీద ఇది పడటం సహజం. మీ జవాబు "దేని మానాన అది" దగ్గర ఉండాలి. పంచుకున్న తెల్ల గడి విలువ రెండు పిక్సెళ్ల డేటా చూశాకే తేలుతుంది, అది పెరిగితే చుట్టూ ఉన్న ఎరుపు, ఆకుపచ్చ తగ్గాలి. ఒకటి లేకుండా ఇంకోటి నడవదు. కానీ ఉత్సాహం కొద్దీ బరువంతా ఆ లెక్క మీద వేశారో, పక్కనే 3(కె) కాచుకుని ఉంది, "ఇది అల్గారిథమ్" అంటారు. సాంకేతిక ఫలితం చూడకుండా ప్రోగ్రామ్ అని తోసేయకూడదని ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో చెప్పిన మాట అప్పుడు పనికొస్తుంది. అయినా క్లెయిములో ప్యానెల్ అమరికను, డ్రైవర్ సర్క్యూట్‌ను కలిపి రాయడమే క్షేమం.

ఒక జాగ్రత్త. "రంగులను పక్కపక్కన పెట్టి కంటికి కలిపి చూపించడం" స్థాయిలో ఎప్పుడూ వాదించకండి. ఒక రంగు పడుగుకి ఇంకో రంగు పేక వేసి నెమలికంఠం చీర నేసే చేతులకు ఆ సంగతి తరాలుగా తెలుసు. ఆకుపచ్చకు రెట్టింపు చోటివ్వడం 1976లోనే కొడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ కెమెరా సెన్సర్ పేటెంటులో ఉంది. సబ్‌పిక్సెళ్లతో తెర మీద అక్షరాలను నునుపుగా చూపే క్లియర్‌టైప్‌ను మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటిస్తే, ఇలాంటి కిటుకు 1977 నాటి యాపిల్ 2 కంప్యూటర్‌లో ఉందని వెంటనే ఎత్తి చూపినవాళ్లున్నారు. అయినా మైక్రోసాఫ్ట్‌కు ఆ పద్ధతుల వివరాల మీద పేటెంట్లు వచ్చాయి. మూల ఊహ పాతదైపోయినా దాన్ని పనిచేయించే ఇరుకు మెలిక మీద హక్కు దొరుకుతుంది.

ఇంకో ఆయుధం: తిరస్కరించేటప్పుడు ప్రయర్ ఆర్ట్ (ముందే తెలిసిన జ్ఞానం) ఏమిటి, మీ ఆవిష్కరణ ఏమిటి, ఒకదాన్నుంచి ఇంకోటి నిపుణుడికి ఎలా తడుతుంది అనే మూడూ చర్చించాలని అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2022లో చెప్పింది. మీ ఎఫ్‌ఈఆర్‌లో "డీ1, డీ2 కలిపితే స్పష్టం" అన్న ఒక్క లైనే ఉంటే, కలపడానికి కారణం చూపమని మర్యాదగా రాయండి. మర్యాదగా అని ఊరికే అనలేదు. హియరింగులో కూర్చునేదీ సాధారణంగా ఆ పేటెంట్ కార్యాలయం వాళ్లే.

మాకు పేటెంట్ వచ్చింది, కానీ ఇరుకైనది. తెలుపు, నీలం తారుమారు చేయకుండా ఎవరు ప్యానెల్ చేసుకున్నా మేం అడ్డుకోలేం. కంపెనీ యజమానికి ఇది చెప్పినప్పుడు ఆయన "అంటే గీతలున్న బోర్డులు ఎవరైనా అమ్ముకోవచ్చా?" అన్నారు. అమ్ముకోవచ్చు అన్నాను. "కొనేదెవరు?" అని నవ్వి ఫైలు మూసేశారు.

మీకు ఎఫ్‌ఈఆర్ తేదీ నుంచి ఆరు నెలలు గడువుంది, అది దాటకముందే గడువు పొడిగించమని ఫారం 4 వేస్తే ఇంకో మూడు నెలలు. ఈ వారం డీ2 డిస్క్రిప్షన్ మొత్తం మీ డిజైన్ ఇంజినీరుకిచ్చి, వాళ్లు నీలాన్ని ఏ లాభం కోసం పంచారో ఆ పేరా నంబరు రాసుకోండి. మీ డిపెండెంట్ క్లెయిముల్లో (మొదటి క్లెయిము మీద ఆధారపడి దానికి వివరాలు చేర్చేవాటిలో) ఆ లాభానికి ఎదురు వెళ్లేది ఏదైనా ఉందేమో చూసి ఇక్కడే కింద రాయండి.